దిగొద్దు తమ్ముడూ!

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, మొదట క్రమశిక్షణ గురించో, లక్ష్యసాధన గురించో రాద్దామనుకున్నాను. పూర్వ విద్యార్థులం ప్రతిసారీ రాసేవి అవే కదా! మీరూ చదివి చదివి విసిగిపోయి ఉంటారు. కానీ కిందటిసారి వార్షికోత్సవానికి వచ్చినప్పుడు హాస్టల్ వెనక నేను చూసిన ఒక పాత సైకిల్ అప్పటినుంచీ నన్ను వదలడం లేదు. అందుకే ఈసారి ఆ సైకిల్ గురించే రాస్తున్నాను.

ఆరోజు భోజనాలయ్యాక ప్లేటు కడుక్కుందామని కుళాయిల దగ్గరికి వెళ్ళాను. గోడవారగా ఒక సైకిల్ ఆనించి ఉంది. రెండు టైర్లలోనూ గాలి లేదు. చైను తుప్పు పట్టింది. సీటు మీద ఎవరో తడి టవలు ఆరేశారు. దగ్గరికి పోయి చూస్తే విరిగింది ఒక్కటీ లేదు. పుల్లలన్నీ సరిగ్గా ఉన్నాయి. బెల్లు కూడా మోగింది. ఆ బెల్లు చప్పుడుకే ఒక తమ్ముడు బయటికి వచ్చాడు. ఇంటర్ రెండో సంవత్సరం.

"ఎవరిది నాయనా ఇది?" అన్నాను.

"నాదే అన్నా. మా మామ కొనిచ్చినాడు."

"మరి కాలేజీకి ఎట్లా పోతావు?"

"ఆటోలో అన్నా. దుడ్లు లేని రోజు నడిచి పోతా."

"సైకిలుండగా నడిచేదెందుకురా?"

తల వంచుకున్నాడు. కాసేపటికి, "భయమన్నా" అన్నాడు.

"లారీలంటేనా?"

"లారీలు గూడా. కానీ... అందరూ బండ్లలో వస్తారన్నా. గేటు కాడ నిలబడుకోని చూస్తారు."

ఈ జవాబు విని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఇదే జవాబును నేను నలభై ఏళ్ళ కిందట ఇంకొకరి నోట విన్నాను. ఆ ఇంకొకరు మా నాయన.

రచ్చకట్ట దగ్గర

మా ఊరు పుంగనూరుకు నాలుగు మైళ్ళు. మా నాయన పుంగనూరులో ఒక మండీలో మూటలు మోసేవాడు. నాలుగు మైళ్ళు నడిచి పోయి, పొద్దుగూకినాక నాలుగు మైళ్ళు నడిచి వచ్చేవాడు. నాకు ఆరేళ్ళప్పుడు కూలి డబ్బుల్లో కొంచెం కొంచెం మిగిలించి పాత సైకిల్ ఒకటి కొన్నాడు. అది ఎన్ని చేతులు మారి వచ్చిందో తెలియదు గానీ, మా వీధిలో అదే మొదటి సైకిల్. సాయంత్రం దాన్ని తుడవడం నా పని. ఆదివారం సంతకు పోయేటప్పుడు నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకునేవాడు. ఆ కడ్డీ ఒత్తుకుని తొడలు తిమ్మిరెక్కినా, రాజు ఏనుగెక్కినట్టు ఉండేది నాకు.

అయితే ఊరి ముందర రచ్చకట్ట వచ్చేసరికి నాయన సైకిల్ దిగేవాడు. నన్ను కడ్డీ మీద నుంచి దించేవాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, సైకిల్ నెట్టుకుంటూ నడిచేవాడు. రచ్చకట్ట దాటి మలుపు తిరిగాక మళ్ళీ ఎక్కేవాడు.

"ఎందుకు దిగినావు నాయనా, పంచరా?" అని మొదటిసారి అడిగాను.

"పెద్దోళ్ళు కూచోనుండారు కదరా."

"వాళ్ళు కూచోనుంటే మనకేమి?"

"నోరు మూసుకోని రా."

ఆ మాట అంతటితో పోయింది. కానీ నా మనసులో నాటుకుపోయింది ఇంకొకటి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, రచ్చకట్ట మీద ఒక్క మనిషి కూడా లేడు. ఒక కుక్క మాత్రం నీడలో పడుకుని ఉంది. ఆరోజు కూడా నాయన దిగాడు! దిగమన్నవాళ్ళు లేరు, చూసేవాళ్ళు లేరు. అయినా ఆయన కాళ్ళు ఆయన మాట వినలేదు.

మన పల్లెల్లో ఈ అనుభవం మా ఇంటి ఒక్కదానిదే కాదు. ఈ సంచిక చదివే వాళ్ళలో చాలామందికి తాతల నోట విన్న కథ ఇది. చెప్పులు చేతిలో పట్టుకుని నడవడం, సైకిల్ దిగి నడవడం, పెళ్ళికొడుకు గుర్రమెక్కకపోవడం - ఇవన్నీ ఒకే తాడుకు వేసిన ముళ్ళు. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చిందని మీ అందరికీ తెలుసు. దానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఒక మాట స్పష్టంగా చేర్చారు: బహిరంగ స్థలాల్లో సైకిల్ గానీ మోటారు సైకిల్ గానీ ఎక్కి పోవడాన్ని, చెప్పులు లేదా కొత్త బట్టలు వేసుకోవడాన్ని, పెళ్ళి ఊరేగింపు తీయడాన్ని అడ్డుకుంటే నేరం. పార్లమెంటు చేసిన చట్టంలో 'సైకిల్' అనే మాట చదివినరోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఇంత పెద్ద దేశం, సైకిలెక్కే హక్కు గురించి ప్రత్యేకంగా ఒక వాక్యం రాసుకోవాల్సి వచ్చిందంటే ఆ రెండు చక్రాల విలువ ఎంతో ఆలోచించండి. అప్పటికి మా నాయన లేడు.

కాబట్టి తమ్ముడూ, నీ సైకిల్ నీకు చిన్న వస్తువులా కనబడుతుంది. అది చిన్న వస్తువు కాదు.

ఆదివారం తెల్లవారుజామున

ఇక నా సంగతి. పుంగనూరు హాస్టల్లో పదో తరగతి ముగించుకుని, ఇంటర్‌కు మదనపల్లె వచ్చాను. మా హాస్టల్ నుంచి కాలేజీ నాలుగు కిలోమీటర్లు. రోజూ నడకే. తొమ్మిదిన్నరకు క్లాసు అంటే ఎనిమిదిన్నరకు బయలుదేరాలి. హాస్టల్లో టిఫిన్ ఆలస్యమైతే టిఫిన్ వదిలేయాలి, లేకపోతే మొదటి క్లాసు వదిలేయాలి. ఇంటర్ మొదటి ఏడాది నేను ఎక్కువ రోజులు వదిలేసింది టిఫినే.

డిగ్రీలో చేరినప్పుడు నాయన తన సైకిల్ నాకిచ్చేశాడు. "నాకేం, నడిచి అలవాటే" అన్నాడు. తెచ్చి హాస్టల్లో పెట్టాను. ఆ తర్వాత నెలరోజులు నేను కూడా ఆ తమ్ముడిలాగే దాన్ని గోడకు ఆనించే ఉంచాను!

నా భయాలు ఏమిటో ఇప్పుడు లెక్క రాస్తే మూడు కనబడుతున్నాయి. ఒకటి, రోడ్డు భయం. మదనపల్లె టమోటా మార్కెట్టు ఎంత పెద్దదో మీకు చెప్పనక్కరలేదు. సీజన్‌లో లారీల మీద లారీలు. పల్లె దారుల్లో తొక్కిన వాడికి ఆ లారీ హారన్ వెనక నుంచి వినిపిస్తే గుండె గొంతులోకి వస్తుంది. రెండు, పడిపోతానేమో, పడితే నవ్వుతారేమో అన్న భయం. మూడు, మా నాయన సైకిల్‌ను చూసి, దాన్నిబట్టి మేము ఎవరమో, ఎక్కడి నుంచి వచ్చామో కనిపెట్టేస్తారన్న భయం. పైకి మొదటి దాని పేరు చెప్పేవాణ్ణి. లోపల ఉన్నది మూడోది.

మా గదిలో ఒక సీనియర్ అన్న ఉండేవాడు. ఆయనకు నా సంగతి అర్థమైంది. ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక ఆదివారం తెల్లవారుజామున అయిదు గంటలకు లేపి, "రారా, ఊరికే అట్లా పోయొస్తాం" అన్నాడు. ఆయన ఒక సైకిల్, నేనొక సైకిల్. రోడ్డు ఖాళీ. కాలేజీ గేటు దాకా పోయి వచ్చాం. దారి పొడవునా ఒక్కొక్కటే చూపించాడు. ఇక్కడ దిగుడు ఉంది, వెనక బ్రేకు ముందు పట్టు. ఇక్కడ ఇసుక ఉంటుంది, మలుపులో వంగొద్దు. బస్టాండు దగ్గర బస్సు బయటికి వస్తుంది, డ్రైవర్ నీ మొహం చూశాడా లేదా చూసుకో. ఈ వీధిలో కుక్కలుంటాయి, వేగం పెంచకుండా అరిచి పంపించు. అంతే. తిరిగి వచ్చేసరికి హాస్టల్లో ఇంకా ఎవరూ లేవలేదు.

దిగితేగానీ లోతు తెలియదంటారు పెద్దలు. ఆ దారిలో రెండేళ్ళుగా నడిచినా నాకు ఆ దారి తెలియదని ఆరోజే తెలిసింది. నడిచేవాడి దారి వేరు, తొక్కేవాడి దారి వేరు. దారి తెలిశాక రోడ్డు భయం సగం తగ్గింది.

తర్వాతి వారం ఆయన ఇంకొక ఉపాయం చెప్పాడు. పొద్దున అందరూ వచ్చే వేళకు కాకుండా గంట ముందే పోయి లైబ్రరీలో కూర్చోమన్నాడు. సాయంత్రం అందరూ పోయాక రమ్మన్నాడు. అలా పదిరోజులు ఎవరి కంటా పడకుండా తొక్కాను. పదకొండో రోజుకు నాకే అనిపించింది, ఎందుకీ దొంగతనం అని. ఆరోజు అందరితోపాటు గేట్లోకి పోయాను. మీరు నమ్మండి, నమ్మకపోండి - ఒక్కడు కూడా తలెత్తి చూడలేదు! ఎవడి గొడవ వాడిది. నెలన్నర రోజులు నేను భయపడింది లేని కళ్ళకు. మా నాయన ఖాళీ రచ్చకట్టకు దిగినట్టే.

పడలేదా అంటే, పడ్డాను. మార్కెట్టు దారిలో లారీ నుంచి జారిన టమోటాలు చితికి రోడ్డంతా జిగురుగా ఉంది. ముందు బ్రేకు పట్టాను. సైకిల్ ఒకపక్క, నేనొకపక్క, పుస్తకాలు ఇంకొకపక్క. చుట్టూ నవ్వారు కూడా. నేను భయపడిన రెండోది కూడా జరిగిపోయింది. లోడు ఎత్తే హమాలీ ఒకాయన వచ్చి నన్ను లేపాడు. ముందు చక్రాన్ని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, వంకరపోయిన హ్యాండిల్ బారును ఒక్క తిప్పుతో సరిచేసి, "పో నాయనా, కాలేజీకి టయిమవుతాది" అన్నాడు. ఆయన బనియను మీద కూడా టమోటా మరకలే, నా చొక్కా మీద కూడా అవే మరకలు. ఆ చొక్కాతోనే క్లాసుకు పోయాను. ఆ తర్వాత పడటం గురించి నాకు భయం లేదు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. డిగ్రీ ఆఖరి ఏడాది సంక్రాంతి సెలవులకు మదనపల్లె నుంచి మా ఊరికి సైకిల్ మీదే బయలుదేరాను. పుంగనూరు దాకా ఎత్తులు, దిగుళ్ళు. మూడు గంటలు పట్టింది. ఊరి ముందర రచ్చకట్ట వచ్చింది. నలుగురు కూర్చుని ఉన్నారు. ఎంతో ధైర్యంగా దూసుకుపోయానని రాస్తే మీకు బాగుంటుంది. కానీ నేను దిగాను. డిగ్రీ చదువుతున్నవాణ్ణి, అంబేడ్కర్ జయంతికి వేదికెక్కి మాట్లాడినవాణ్ణి, దిగాను. నా కాళ్ళు కూడా నా మాట వినలేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు పొద్దున పుంగనూరుకు పోయే పని పెట్టుకుని మళ్ళీ బయలుదేరాను. ఈసారి దిగలేదు. వేగంగా పోలేదు, బెల్లు కొట్టలేదు, ఎవరివైపూ మిడిగుడ్లేసి చూడలేదు. మామూలుగా తొక్కుకుంటూ పోయాను. "ఎవురి కొడుకురా వాడు?" అని వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. అంతే. ఆ మాట నాయన చెవిన కూడా పడింది. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. సెలవులైపోయి నేను బయలుదేరేటప్పుడు సైకిల్ దగ్గరికి వచ్చి వంగి చూస్తూ, "బ్రేకులు బాగుండాయా?" అని అడిగాడు. ఆయన నాకిచ్చిన ఆశీర్వాదం అదే.

నాయన మాత్రం చివరిదాకా అక్కడ దిగే నడిచాడు. ఆయనను నేను తప్పు పట్టను. ఆయన దిగి నడిచిన దారిలోనే నేను చదువుకు పోయాను.

ఎవరూ ఒంటరిగా ఎక్కలేదు

ధైర్యం అనేది పుట్టుకతో వస్తుందని, ఉన్నవాడికి ఉంటుందని, లేనివాడికి లేదని మనం అనుకుంటాం. అది తప్పు. నాకు ధైర్యం వచ్చింది ఆ సీనియర్ అన్న వల్ల. ఒకరు పక్కన ఉంటే ఇంకొకరికి వస్తుంది. పదిమంది కలిస్తే వందమందికి వస్తుంది.

దీనికి పెద్ద సాక్ష్యం మన పక్క రాష్ట్రంలోనే ఉంది. 1991-92లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 'అరివొళి' అనే అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ ఆడవాళ్ళకు అక్షరాలతోపాటు సైకిల్ నేర్పడాన్ని కూడా ఉద్యమంలో భాగం చేశారు. కూలి పనులకు పోయేవాళ్ళు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, అంగన్‌వాడీ కార్యకర్తలు - లక్షమందికి పైగా ఆడవాళ్ళు సైకిల్ నేర్చుకున్నారు. ఆడవాళ్ళ సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళ సైకిళ్ళే ఎక్కారు. ముందు కడ్డీ ఉంటే బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు కదా అన్నారట! మొదట్లో వాళ్ళను చూసి ఎగతాళి చేసినవాళ్ళు లేకపోలేదు. కానీ ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళు సైకిలెక్కాక ఎగతాళి చేసేవాడే ఒంటరివాడైపోయాడు. పత్రికా రచయిత పి.సాయినాథ్ ఈ సంగతి రాశాక దేశమంతటికీ తెలిసింది.

బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చే పథకం పెట్టారు. దాన్ని కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని, ఆడ-మగ పిల్లల మధ్య తేడా 40 శాతం తగ్గిందని తేల్చారు. ఎక్కువ లాభం కలిగింది బడికి మూడు కిలోమీటర్ల కంటే దూరంగా ఉన్న ఊళ్ళ వాళ్ళకే. ఒక్క పిల్ల పోతే ఊరంతా చూస్తుంది. పదిమంది వరసగా పోతే ఊరు అలవాటు పడుతుంది. తమిళనాడులో 2001-02లో ఎస్సీ, ఎస్టీ ఆడపిల్లలతో మొదలై తర్వాత మిగతా విద్యార్థులకూ సైకిళ్ళు అందాయి. మన రాష్ట్రంలో కూడా 2017లో 'బడికొస్తా' పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు పంచారు. చెల్లెళ్ళారా, మీలో ఎంతమంది అక్కల ఇళ్ళలో ఆ సైకిళ్ళు ఇంకా ఉన్నాయో కనుక్కోండి!

సైకిలంటే తక్కువతనం అనుకునే తమ్ముళ్ళకు ఒక మాట. పార్లమెంటు సభ్యుడై కూడా పుచ్చలపల్లి సుందరయ్య గారు సభకు సైకిల్ మీద పోయేవారు. 1983లో కాన్షీరాం గారు తన సహచరులతో కలిసి ఉత్తర భారతంలో ఊరూరా తిరిగింది సైకిళ్ళ మీదే. వాళ్ళను ఎవరూ సైకిలును బట్టి తూచలేదు.

కుప్పంలో మళ్ళీ మొదటికి

ఇదంతా చదివి 'అన్నకు ఆ తర్వాత భయమే లేదు' అనుకోకండి. ఉద్యోగం వచ్చి కుప్పం ప్రాంతంలో టీచరుగా స్థిరపడ్డాక నేను కూడా మోటారు సైకిల్ కొన్నాను. సైకిల్‌ను తమ్ముడికిచ్చేశాను. ఇరవై ఏళ్ళు దాని ఊసే లేదు. నలభై అయిదు దాటాక షుగరు వచ్చింది. డాక్టరు నడవమన్నాడు. నడవడానికి టైము లేదన్నాను. "స్కూలు ఎంతదూరం?" అన్నాడు. "ఆరు కిలోమీటర్లు" అన్నాను. "సైకిల్లో పోండి" అన్నాడు.

ఎంత తేలిగ్గా అన్నాడు! ఇంటికొచ్చాక ఆలోచిస్తే పాత భయాలన్నీ వరసగా లేచి కూర్చున్నాయి. టీచరయ్యుండి సైకిలా? అప్పుల్లో మునిగాడనుకుంటారేమో? బంధువులు ఏమంటారు? చూడండి, రచ్చకట్ట ముందు ఒకసారి గెలిచినవాడికి మళ్ళీ అదే భయం, వేరే వేషంలో! లోకులు పలుగాకులు అని పిల్లలకు చెప్పేవాణ్ణి, నేనే ఆ కాకులకు భయపడ్డాను.

ఈసారి నాకు దారి తెలుసు. మళ్ళీ ఆదివారం తెల్లవారుజామునే మొదలుపెట్టాను. కుప్పం స్టేషనువైపు పోతే అప్పటికే జనం ఉన్నారు. బెంగుళూరు రైలుకు పోయే కూలీలు, క్యారియర్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని సైకిళ్ళ మీద వస్తున్నారు. తెలుగు, తమిళం, కన్నడం - మూడు భాషల మాటలు కలగలిసి వినిపిస్తున్నాయి. వాళ్ళలో ఒక్కరైనా 'నన్నెవరు చూస్తున్నారు' అని ఆలోచిస్తున్నట్టు కనబడలేదు. రైలు అందుకోవాలి, అంతే. పని మీద దృష్టి ఉన్నవాడికి సిగ్గుపడే తీరిక ఉండదని ఆరోజు అర్థమైంది. నెల తిరిగేసరికి మా స్కూల్లో నా సైకిల్ పక్కన ఇంకో రెండు సైకిళ్ళు వచ్చి నిలబడ్డాయి, ఒకటి అటెండరుది, ఒకటి లెక్కల సారుది.

భయమంతా మనలోనే లేదు

ఇంతవరకూ మనసులో భయం గురించి రాశాను. రోడ్డు మీద భయం వట్టిదని మాత్రం నేను అనను. అది నిజమైన భయం. సైకిల్ తొక్కేవాడికి లారీ దారి ఇవ్వదు. రోడ్డు పక్కన మట్టి అంచు కోసుకుపోయి ఉంటుంది. వీధి దీపాలుండవు. 'ధైర్యంగా పోరా' అని చెప్పి పంపించడం పెద్దల బాధ్యత తీర్చదు. నెదర్లాండ్స్ అనే దేశంలో సైకిళ్ళు ఎక్కువని మీరు చదివి ఉంటారు. అక్కడ కూడా 1971లో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేలమందికి పైగా చనిపోయారు. అందులో నాలుగు వందలమందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి పోరాడాకే సైకిళ్ళకు వేరే దారులు వేశారు. అడగనిదే ఏ దేశంలోనూ రాలేదు.

అందుకని తమ్ముళ్ళకు నేను చెప్పేవి కొన్నే. బ్రేకులు రెండూ చూసుకోకుండా కదలొద్దు. వర్షంలోనూ, తడి మీదా ముందు బ్రేకు గట్టిగా పట్టొద్దు. సీటు ఎత్తు సరిచేయించుకోండి, పెడలు కిందికి పోయినప్పుడు మోకాలు కొంచెమే వంగాలి. పొట్టి సీటు మీద తొక్కితే మోకాళ్ళు నొప్పి పుట్టి, తప్పు సైకిల్‌ది అనుకుంటారు. ఎడమ పక్కనే పోవాలి, అయితే మట్టి అంచుకు అతుక్కుని కాదు, ఒక చేయి దూరం లోపలికి. ఆగి ఉన్న బస్సును, ఆటోను ఎడమవైపు నుంచి దాటొద్దు. చీకటి పడితే వెనక ఎర్రటి రిఫ్లెక్టరు, ముందు లైటు. చెవుల్లో ఫోను తీగలు వద్దే వద్దు. మొదటి పదిరోజులు ఇద్దరు కలిసి పోండి.

డబ్బు లెక్క కూడా చెబుతాను. ఆ తమ్ముడు ఆటోకు రానూపోనూ నలభై రూపాయలు ఇస్తున్నాడు. నెలకు పాతిక రోజులు వేసుకుంటే వెయ్యి రూపాయలు. నడిచే రోజుల్లో టైము పోతుంది. నాలుగు కిలోమీటర్లు నడిస్తే యాభై నిమిషాలు, తొక్కితే ఇరవై. పోనూ రానూ కలిపి రోజుకు గంట మిగులుతుంది. ఏడాదికి రెండు వందల రోజుల కాలేజీ అనుకుంటే రెండు వందల గంటలు! మనకు ట్యూషన్లు లేవు, ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు అని బాధపడతాం కదా. ఆ రెండు వందల గంటలు మన చేతిలో ఉన్నవి. ఎవరో గేటు దగ్గర చూస్తారని వాటిని పారేసుకుందామా?

ఇక పూర్వ విద్యార్థులకు నా విన్నపం. మనం ప్రతి ఏటా వచ్చి ఫ్లెక్సీలు కట్టిస్తాం, శాలువాలు కప్పించుకుంటాం, మెమెంటోలు పంచుతాం. తప్పని అనను. కానీ ఈసారి ఆ ఖర్చులో సగం పక్కన పెట్టి, హాస్టల్‌కు ఒక గాలి పంపు, పంచరు సామాను, నాలుగు రెంచీలు, ఒక రేకుల షెడ్డు ఇద్దాం. మన ఇళ్ళలో పిల్లలు తొక్కడం మానేసిన సైకిళ్ళు ఉన్నాయి. వాటిని బాగుచేయించి ఇద్దాం. మనలో సైకిల్ రిపేరు తెలిసినవాళ్ళు ఒక ఆదివారం వచ్చి పంచరు వేయడం నేర్పుదాం. కాలేజీ హాస్టళ్ళ పిల్లలకు కూడా సైకిళ్ళు ఇవ్వాలని, హాస్టల్ నుంచి కాలేజీ దాకా రోడ్డు అంచులు సరిచేసి దీపాలు వేయాలని అధికారులకు అందరం సంతకాలు పెట్టి అర్జీ ఇద్దాం. అన్నిటికంటే ముఖ్యం, ఒక ఆదివారం తెల్లవారుజామున వచ్చి ఒక తమ్ముణ్ణి లేపి, "రారా, ఊరికే అట్లా పోయొస్తాం" అని వెంటబెట్టుకుని పోదాం. నాకు ఒక అన్న అలా చేశాడు. ఆ బాకీ నేను ఎవరికో ఒకరికి తీర్చాలి కదా!

ఆరోజు నేను బయలుదేరే ముందు ఆ తమ్ముడూ నేనూ సైకిల్‌ను నెట్టుకుంటూ పంచరు షాపుకు పోయాం. వెనక ట్యూబుకు రెండు పంచర్లు, చైనుకు ఆయిలు, కొత్త బ్రేకు రబ్బర్లు. షాపతను చక్రం తిప్పి చూపించి, "బండి బాగుంది, తొక్కేవాడు లేక చెడింది" అన్నాడు. తమ్ముడు నావైపు చూసి నవ్వాడు. తిరిగి వచ్చేటప్పుడు నేను నడిచాను, వాడు పక్కనే మెల్లగా తొక్కుకుంటూ వచ్చాడు. హాస్టల్ గేటు ముందు నలుగురు స్నేహితులు నిలబడి ఉన్నారు. వాళ్ళను చూడగానే వాడి కాలు కిందికి రాబోయింది.

"దిగొద్దు తమ్ముడూ" అన్నాను.

దిగలేదు. తొక్కుకుంటూ లోపలికి పోయాడు.

ఈసారి వార్షికోత్సవానికి వచ్చినప్పుడు హాస్టల్ వెనక గోడకు ఆ సైకిల్ కనబడకూడదని నా కోరిక. పొద్దున తొమ్మిదిన్నరకు అది కాలేజీ స్టాండులో ఉండాలి. దాని పక్కన ఇంకో పది ఉండాలి.

- ఒక పూర్వ విద్యార్థి, కుప్పం